త్రైరాశికమా, ఎక్సా, టాన్ తీటానా: ఇంటి లెక్కలకి ఏది మేలు?

నూటికి రెండు రూపాయల వడ్డీకి 50,000 తెస్తే అయిదు నెలలకి వడ్డీ ఎంత? కాగితం ముట్టుకోకుండానే అయిదువేలు అనేస్తారు. వందకి రెండు, యాభై వేలకి వెయ్యి, దానికి అయిదింతలు. బడిలో ఏకవస్తు పద్ధతి అన్నా, పాతకాలం వాళ్లు త్రైరాశికం అన్నా పని ఒకటే. 499 నాటి ఆర్యభటీయంలోనే సూత్రం ఉంది: ఫలాన్ని ఇచ్ఛతో హెచ్చవేసి, ప్రమాణంతో భాగించు. పై లెక్కలో వంద ప్రమాణం, దానికి వచ్చే రెండు ఫలం, మనం అడిగే యాభై వేలు ఇచ్ఛ. ఇంటి లెక్కల్లో చాలావాటికి ఇదే చాలు. నా ఓటు మొదట దీనికే.

కాకపోతే ఇది గుడ్డిగా వాడితే ముంచుతుంది. ఆరుగురు నాలుగు రోజుల్లో వేసే నాట్లు ఎనిమిది మంది ఎన్ని రోజుల్లో వేస్తారు? అలవాటుగా హెచ్చవేస్తే అయిదు రోజులు దాటుతుంది. మనుషులు పెరిగితే రోజులు పెరగడమేంటి! ఇది విలోమానుపాతం. 6×4 = 24 మనిషి రోజులు, ఎనిమిదితో భాగిస్తే మూడు. జవాబు పెరగాలా తగ్గాలా అని ముందే అనుకుంటే ఈ తప్పు జరగదు.

అలా అనుకున్నా దొరకని తప్పు ఇంకోటి ఉంది. ఆటోకి 4 కిలోమీటర్లకి 70, 9 కిలోమీటర్లకి 120 అయింది. 15 కిలోమీటర్లకి ఎంత? మొదటిదాన్ని పట్టుకుని త్రైరాశికం వేస్తే 262.50. రెండోదాన్ని పట్టుకుంటే 200. రెండూ తప్పే, ఎందుకంటే ఎక్కగానే పడే రుసుము ఒకటి లోపల దాక్కుని ఉంది. ఇక్కడ ఎక్స్ కావాలి, అంటే తెలియనిదాన్ని ఎక్స్ అనుకుని సమీకరణం కట్టాలి. అదనంగా తిరిగిన 5 కిలోమీటర్లకి 50 పెరిగింది, అంటే కిలోమీటరుకి 10. మొదటి ప్రయాణంలో 40 తీసేస్తే మిగిలిన 30 ఆ రుసుము. 15 కిలోమీటర్లకి 180. దూరం సున్నా అయినా డబ్బు సున్నా కాని చోట త్రైరాశికం జోలికి పోకండి.

జీఎస్టీ బిల్లు కూడా ఎక్స్ వైపే మొగ్గుతుంది. 18 శాతం కలిపి 2,360 అయితే అసలు ధర ఎంత? చాలామంది 2,360లో 18 శాతం తీసేసి 1,935.20 అంటారు. పన్ను వేసింది అసలు ధర మీద, మొత్తం మీద కాదు. ఎక్స్‌ని 1.18తో హెచ్చవేస్తే 2,360 రావాలి, కాబట్టి ఎక్స్ 2,000. 118కి 100 అయితే 2,360కి ఎంత అని త్రైరాశికంతోనూ తేలుతుంది, కానీ ఆ 118 తట్టాలంటే మనసులో ఎక్స్ ఉండాల్సిందే.

ఇక త్రికోణమితి. పదో తరగతిలో అందరినీ భయపెట్టి, తర్వాత ఎవరికీ కనబడకుండా పోతుంది. కొబ్బరిచెట్టు ఎత్తు కొలవాలనుకోండి. ఎండ ఉంటే మీటరు కర్ర నిలువుగా పాతి నీడ కొలవండి, వెంటనే చెట్టు నీడా కొలవండి. కర్రకి 80 సెంటీమీటర్లు, చెట్టుకి 9.6 మీటర్లు వస్తే చెట్టు 12 మీటర్లు. కోణం అక్కర్లేదు.

మబ్బు పట్టినా, నీడ పక్కింటి గోడ మీద పడినా కోణమే దిక్కు. అప్పుడూ టాన్ పట్టిక వెతక్కండి. చదరపు కాగితాన్ని మూలకి మూల మడిచి, కింది అంచు నేలకి సమాంతరంగా ఉంచి, ఏటవాలు అంచు వెంట చూస్తూ చెట్టు కొన ఆ గీత మీదకి వచ్చేదాకా వెనక్కి నడవండి. అది 45 డిగ్రీలు, టాన్ (ఎత్తుని దూరంతో భాగిస్తే వచ్చేది) విలువ 1, అంటే కంటికి పైనున్న ఎత్తూ చెట్టు దాకా దూరమూ సమానం. మొదలు దాకా 10.5 మీటర్లు, కంటి ఎత్తు 1.5, మొత్తం 12. ఇక్కడ ఒక డిగ్రీ తేడా వస్తే జవాబు దాదాపు 36 సెంటీమీటర్లు తప్పుతుంది. దగ్గరికి జరిగి 70 డిగ్రీల కోణంలో చూస్తే అదే డిగ్రీకి అర మీటరు పైనే పోతుంది. ఫోన్ యాప్‌తో కొలిచేవాళ్లు చెట్టు మొదట్లో నిలబడటం అందుకే దండగ. చెట్టు వంగి ఉంటే మాత్రం ఇవేవీ సూటిగా పనిచేయవు.

నిచ్చెన వేసేటప్పుడైతే కోణమే మర్చిపోండి. అది ఆనే చోటు 12 అడుగుల ఎత్తులో ఉంటే, కాళ్లు గోడకి 3 అడుగుల దూరంలో పెట్టండి. సుమారు 76 డిగ్రీలు దానంతటదే వస్తుంది.