లెటర్‌హెడ్ మీద ఉబ్బెత్తు ఆకు: మూడేళ్లు వాడాక

మూడేళ్ల కింద మా టీ కంపెనీకి స్టేషనరీ మొత్తం కొత్తగా డిజైన్ చేయించాం. లెటర్‌హెడ్, విజిటింగ్ కార్డు, కవర్లు, శాంపిల్ ప్యాకెట్లతో పాటు వెళ్లే చిన్న కార్డు. రంగులు, అక్షరాలు బాగానే కుదిరాయి, వాటి జోలికి పోను. నా బాధంతా ఆ ఆకుతోనే.

మా గుర్తు రెండాకులు, ఒక మొగ్గ. దాన్ని ఉబ్బెత్తుగా అచ్చు వేశారు. వేలు ఆనిస్తే ఈనెలు తెలిసేవి. విజిటింగ్ కార్డు ఎవరికిచ్చినా ముందు బొటనవేలితో ఆకును తడిమి, ఆ తర్వాతే పేరు చదివేవాళ్లు. అది చూసి తెలిసినవాళ్లందరికీ ఇదే చేయించుకోమని చెప్పాను. కార్డు వరకు ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

లెటర్‌హెడ్‌తోనే చిక్కొచ్చింది. మొదట్లో మా దగ్గర ఇంక్‌జెట్ ప్రింటర్ ఉండేది, ఏ ఇబ్బందీ రాలేదు. బిల్లులు పెరిగాయని లేజర్ ప్రింటర్ తెచ్చుకున్నాం. కొత్త సీజన్ శాంపిల్స్ పంపే రోజు నలభై ఉత్తరాలు ఒకేసారి పెట్టాను. పదో కాగితం తీసి చూస్తే పైన ఆకు చదునైపోయి, జిడ్డు పూసినట్టు మెరుస్తోంది. కింద, సరిగ్గా లాట్ నంబరు, గ్రేడు ఉన్న చోట, లేత ఆకుపచ్చగా ఇంకో ఆకు. ఆ పైన కాగితాలు ఇరుక్కోవడం మొదలైంది. గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన.

మెకానిక్ వచ్చి ఫ్యూజర్, అంటే ప్రింటర్‌లో కాగితాన్ని వేడి చేసే భాగం, విప్పితే రోలర్ నిండా ఆకుపచ్చ. సంగతి ఆయనే చెప్పాడు. ఉబ్బెత్తు అచ్చులో తడి సిరా మీద రెజిన్ పొడి చల్లి వేడి చేస్తారు, అది కరిగి పొంగుతుంది. లేజర్ ప్రింటర్ కూడా టోనర్ అనే రంగు పొడిని దాదాపు 200 డిగ్రీల వేడితోనే కాగితానికి అంటిస్తుంది. దాంతో పొంగిన ఆకు మళ్లీ కరిగి రోలర్‌కు అంటుకుంది. రోలర్ తిరిగిన కొద్దీ కింద ఇంకో ఆకు పడింది. ఫ్యూజర్ మార్చాల్సి వచ్చింది. ఆ రోజు శాంపిల్స్ ఉత్తరాలు లేకుండానే వెళ్లాయి.

మీరు ఏ ప్రింటర్ వాడతారని డిజైన్ చేసినవాళ్లు ఒక్క మాట అడగలేదు, ప్రెస్సు వాళ్లూ అడగలేదు. మేమూ చెప్పలేదు, నిజమే. కానీ ఏ సిరా దేనికి పనికిరాదో తెలిసినవాళ్లు వాళ్లే కదా. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

రెండోసారి లెటర్‌హెడ్‌ను అదే 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు) కాగితం మీద ఉబ్బెత్తు లేకుండా మామూలు ఆఫ్‌సెట్‌ అచ్చులో వేయించాం. లేజర్ వేడికి తట్టుకునే సిరా కావాలని ఆర్డరులోనే రాసిచ్చాను. అచ్చు మొత్తం వేసే ముందు పది కాగితాలు తెప్పించుకుని మా ప్రింటర్‌లోనే పెట్టి చూశాను. సాదాగా ఉంది, కానీ ఏడాదిగా ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

శాంపిల్ కార్డు గురించి కూడా చెప్పాలి. దానికి లామినేషన్ వద్దన్నాం, అందుకే పెన్నుతో రాస్తే చెరగదు. రుచి చూసేవాళ్లు లిక్కర్ (మరిగే నీళ్లలో దిగిన టీ) రంగు, ఘాటు అక్కడికక్కడే రాసుకుని మాకు తిరిగి పంపుతున్నారు. కొత్తలో ఇంతకంటే మంచి కార్డు లేదనుకున్నాను. టీ చుక్క పడితే మాత్రం ఆ మరక ఇక పోదు, ఒక్కోసారి కింది రాత కూడా అలుక్కుపోతుంది. ఇంకో జాగ్రత్త: ప్రెస్సు నుంచి వచ్చిన కార్డులను సిరా వాసన పోయేదాకా కొన్నాళ్లు విడిగా ఆరబెట్టండి. టీ ఆకు పక్కన ఏ వాసనున్నా లాగేసుకుంటుంది.

ఉత్తరాలు చేత్తో రాసేవాళ్లకు, ఇంక్‌జెట్ వాడేవాళ్లకు ఉబ్బెత్తు లెటర్‌హెడ్ నచ్చవచ్చు. మాలా రోజూ లేజర్ మీద ఆధారపడితే నేనైతే వద్దంటాను. పాత లెటర్‌హెడ్ ఇంకా రెండు కట్టలుంది. మా పెద్దాయన పాత కొనుగోలుదారులకు స్వయంగా చేత్తో ఉత్తరాలు రాస్తారు, అవి ఆయన బల్ల మీద పెట్టేశాను.