సైన్యూక్లీన్ సీడ్ పరీక్ష: ఉందో లేదో తేలుస్తుంది, ఎంతుందో చెప్పదు

పార్కిన్సన్స్ అనుమానం ఉన్నప్పుడు కొందరు న్యూరాలజిస్టులు ఇప్పుడు వెన్నునీటితో ఆల్ఫా సైన్యూక్లీన్ సీడ్ యాంప్లిఫికేషన్ పరీక్ష రాస్తున్నారు. దీన్ని డాట్ స్కాన్‌కు బదులుగా అనుకోవద్దు. ఆ మెదడు స్కాన్‌లో, కదలికలకు కావలసిన డోపమిన్ రసాయనాన్ని వదిలే నరాల కొసలు ఎంత తగ్గాయో తెలుస్తుందే తప్ప ఎందుకు తగ్గాయో తెలియదు. పార్కిన్సన్స్‌ను పోలిన పీఎస్‌పీ, ఎంఎస్‌ఏ అనే మెదడు జబ్బుల్లోనూ అదే బొమ్మ రావచ్చు. ఈ పరీక్ష మాత్రం లూయీ బాడీల్లో, అంటే పార్కిన్సన్స్‌లో మెదడు కణాల్లో కనిపించే ముద్దల్లో, పేరుకునే ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ కోసమే వెతుకుతుంది.

ల్యాబులో తయారైన మామూలు సైన్యూక్లీన్‌ను, థయోఫ్లావిన్-టి అనే రంగును ప్లేటు గుంటల్లో వేస్తారు. ఒకే నమూనాను సాధారణంగా మూడు నాలుగు గుంటల్లో కలిపి, వెచ్చగా ఉంచి, మధ్యమధ్య ఆపుతూ కుదుపుతారు. తప్పుగా మడతపడిన సైన్యూక్లీన్ రేణువులు, అంటే సీడ్లు, నమూనాలో ఉంటే అవి మామూలు ప్రొటీన్‌నూ తమలా మార్చి పోగులుగా పేరుస్తాయి. ఆ పోగులకు అతుక్కున్న రంగు వెలుగుతుంది. గ్రాఫు చాలాసేపు చదునుగా సాగి, ఉన్నట్టుండి పైకి లేస్తుంది. మరీ ఎక్కువసేపు నడిపితే సీడు లేకున్నా ప్రొటీన్ తనంతట తానే పోగుపడుతుంది కాబట్టి ముందే పెట్టుకున్న గడువు దాటాక లేచిన గీతకు విలువ లేదు. ఒక గుంట వెలిగి మిగతావి వెలగకపోతే మళ్లీ చేయాలి, లేదా తేలలేదని రాయాలి.

2023లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన పీపీఎంఐ అనే పార్కిన్సన్స్ అధ్యయనంలో 1,123 మందిని పరీక్షించారు. పార్కిన్సన్స్ ఉన్నవారిలో 87.7 శాతానికి పాజిటివ్, ఆరోగ్యవంతుల్లో 96.3 శాతానికి నెగెటివ్ వచ్చింది. జన్యు మార్పు లేకుండా, వాసన పసిగట్టే శక్తి బాగా తగ్గిన రోగుల్లో పాజిటివ్ 98.6 శాతం. ఎల్‌ఆర్‌ఆర్‌కే2 అనే జన్యువులో మార్పు ఉన్న రోగుల్లో మాత్రం 67.5 శాతమే. దీన్ని పరీక్ష తప్పిదంగా చూడడం తొందరపాటు: ఆ మార్పు ఉన్న కొందరి మెదడులో, చనిపోయాక చూసినా లూయీ బాడీలు కనిపించలేదు.

అసలు లోటు వేరే ఉంది. 2003లో బ్రాక్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన క్రమంలో ఈ ప్రొటీన్ పేరుకోవడం మెదడు కాండం కింది భాగంలో, వాసన గ్రహించే ఆల్ఫాక్టరీ బల్బులో మొదలై, తర్వాత డోపమిన్ కణాలుండే సబ్‌స్టాన్షియా నైగ్రాకు, చివరికి మెదడు పైపొర కార్టెక్స్‌కు పాకుతుంది. పాజిటివ్ రిపోర్టు వీటిలో ఎక్కడి సంగతీ చెప్పదు. లూయీ బాడీ డిమెన్షియాలోనూ పాజిటివే వస్తుంది, ఆ తేడా డాక్టరు పరిశీలనలోనే తేలాలి. జబ్బు ముదిరిందా, మందు పనిచేస్తోందా అని చూడ్డానికి ఏటా చేయించడం డబ్బు దండగ. లక్షణాలు లేనివారికీ పాజిటివ్ రావచ్చు. జబ్బును ఆపే మందు ఇంకా లేదు కాబట్టి, ఫలితంతో ఏం చేస్తారో డాక్టరును ముందే అడగండి.

చాలామంది పట్టించుకోనిది నమూనా సేకరణ. నడుము దగ్గర మూడు నాలుగు పూసల మధ్యో, నాలుగు ఐదు పూసల మధ్యో సూది దింపుతారు. పెన్సిల్ మొనలాంటి అట్రామాటిక్ సూది అడిగితే తర్వాత తలనొప్పి వచ్చే అవకాశం తగ్గుతుంది. రక్తం కలిస్తే చర్య అణగిపోయి, ఉన్న సీడు కూడా లేనట్టే కనిపించవచ్చు. అందుకే ఎర్రగా వచ్చిన తొలి చుక్కలు పక్కన పెట్టాలి. గాజు, పాలీస్టైరిన్ గోడలకు ప్రొటీన్ అంటుకుంటుంది, ట్యూబు పాలీప్రొపిలీన్‌దే కావాలి. నిల్వ మైనస్ 80 డిగ్రీల్లో. పదేపదే కరిగించి గడ్డకట్టించిన నమూనాతో వచ్చిన నెగెటివ్‌ను నమ్మలేం.

రక్తం పలచబడే మందులు ఆపలేనివారికి వెన్నులో సూది ప్రమాదం. వారు చర్మపు బయాప్సీ గురించి అడగవచ్చు. మెడ వెనుక, మోకాలి పైన, చీలమండ పైన 3 మిల్లీమీటర్ల ముక్కలు తీసి, నరాల్లో ఫాస్ఫరిలేట్ అయిన (ఫాస్ఫేట్ అతుక్కున్న) సైన్యూక్లీన్ కోసం చూస్తారు. 2024లో జామా అనే వైద్యపత్రికలో వచ్చిన అధ్యయనంలో పార్కిన్సన్స్ రోగుల్లో 92.7 శాతానికి పాజిటివ్ వచ్చింది. ఎంఎస్‌ఏ రోగుల్లోనూ దాదాపు అందరికీ పాజిటివే, కాబట్టి ఆ రెండింటి మధ్య సందేహం ఉంటే బయాప్సీ ఒక్కటే సరిపోదు.