నోటీసు వచ్చాక తీసుకున్న కన్సల్టెంట్ సేవ: ఒక చిన్న ప్లేటింగ్ యూనిట్ అనుభవం

హైదరాబాద్ శివారులోని ఒక పారిశ్రామిక వాడలో మాకు జింకు ప్లేటింగ్ చేసే చిన్న యూనిట్ ఉంది. బోల్టులు, వాషర్లు, చిన్న బ్రాకెట్ల వంటి వాటికి జాబ్‌వర్క్ మీద కోటింగ్ వేసి ఇస్తాము. పన్నెండు మంది పనిచేస్తారు. మాది ఎంత చిన్న షెడ్డు అయినా ప్లేటింగ్ పని కాలుష్యం ఎక్కువగా ఉండే ఎరుపు కేటగిరీలోనిదే కనుక కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ మాకు కొత్త కాదు. అయితే గత సంవత్సరం జరిగిన తనిఖీలో నీటి నమూనాలు తీసుకున్న తరువాత ఇంజనీరు గారు నేరుగా వెనక గోడ దగ్గరికి నడిచి, అక్కడున్న స్లడ్జ్ (మురికినీటి శుద్ధిలో అడుగున మిగిలే మడ్డి) డ్రమ్ములను లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు వారాలకు షోకాజ్ నోటీసు వచ్చింది. జవాబుకు 15 రోజుల గడువు ఇచ్చారు. ఆ జవాబు కోసం మేము ఇద్దరు కన్సల్టెంట్లను పిలిచి, ఒకరిని మొదటి వారంలోనే వదులుకుని, రెండవ వారితో ఐదు నెలలు పనిచేశాము. ఈ సమీక్ష ప్రధానంగా ఆ రెండవ వారి సేవ గురించి. ఇద్దరి పేర్లూ రాయడం లేదు. మొదటి వారు నోటితో చెప్పిన మాటలకు నా దగ్గర కాగితం లేదు, రెండవ వారి పేరు రాస్తే ఇది ప్రకటనలా కనిపిస్తుంది.

నోటీసులోని అంశాలను దాచుకోవలసిన అవసరం లేదు, ఎందుకంటే మా వంటి షెడ్లలో సగానికి పైగా ఇవే ఉంటాయని నా నమ్మకం. డ్రమ్ములకు లేబుళ్లు లేవు, ఉన్నవి వానకు వెలిసిపోయాయి. కొన్ని డ్రమ్ములు రేకుల కప్పు కింద కాక ఆరుబయట ఉన్నాయి. ఒక డ్రమ్ము అడుగు తుప్పు పట్టి, దాని కింద కాంక్రీటు మీద తడి మరక కనిపించింది. నిల్వ ఉంచడానికి ఉన్న 90 రోజుల గడువు దాటింది. వ్యర్థాల లెక్క రాసే ఫారం 3 రిజిస్టరులో రాతలు నమ్మదగినవిగా లేవు, వాటి గురించి మండలికి పంపే ఫారం 4 వార్షిక రిటర్ను జూన్ 30 గడువులోగా అందలేదు. యాసిడ్ వచ్చిన ఖాళీ కార్బాయ్‌లను (పెద్ద డబ్బాలను) పాత ఇనుప సామాన్ల వారికి అమ్మినట్లు మా మేనేజరే నోరుజారి చెప్పాడు.

మొదటి కన్సల్టెంట్ 18 వేల రూపాయలు అడిగి, షెడ్డుకు రాకుండానే రెండు రోజుల్లో జవాబు పంపారు. చూడడానికి ఎంతో నిండుగా ఉన్న ఆరు పేజీల ఉత్తరం అది. నాలుగవ పేజీలో మా రియాక్టర్ల గురించీ, సాల్వెంట్ రికవరీ గురించీ ఒక పేరా కనిపించింది. మా దగ్గర రియాక్టరు లేదు. ఏదో మందుల కంపెనీకి రాసిన జవాబులో పేరు మార్చి మాకు అంటగట్టారని అర్థమైంది. అంతటితో ఆగినా సర్దుకునేవాళ్లమేమో. రిజిస్టరు సంగతి అడిగితే, కొత్త పుస్తకం కొని వెనక తేదీలతో రాసి పెట్టుకోమని సలహా ఇచ్చారు. పైగా మాది ఏడాదికి 10 టన్నుల లోపు వ్యర్థం వచ్చే చిన్న యూనిట్ కనుక 180 రోజుల వరకు నిల్వ ఉంచుకునే హక్కు దానంతట అదే ఉంటుందని రాశారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో ఉన్నది అది కాదు. 90 రోజుల గడువును మండలి అంతవరకు పొడిగించవచ్చు అని మాత్రమే ఉంది, పొడిగించమని మనం అడగాలి, వారు ఇవ్వాలి. మేము ఏనాడూ అడగలేదు. అటువంటి వాక్యం కింద నేను సంతకం పెట్టి ఉంటే, చేసిన తప్పుకు తోడు లేని అనుమతిని ఉన్నట్లు చెప్పిన తప్పు కూడా చేరేది.

రెండవ సంస్థ వారు 65 వేలు అడిగారు. ఉత్తరం ఎప్పుడిస్తారని అడిగితే, ముందు డ్రమ్ములు తూచాలి అన్నారు. అప్పటికి గడువులో ఆరు రోజులు గడిచిపోయాయి కనుక నాకు చిరాకు వేసిన మాట నిజం. మరుసటి ఉదయం ఒక ఇంజనీరు, ఒక కెమిస్టు కాటా తీసుకుని వచ్చారు. మధ్యాహ్నానికి తేలిన లెక్క 19 డ్రమ్ములు, 4,180 కిలోలు. మా అనుమతి పత్రంలో ప్లేటింగ్ స్లడ్జ్‌కు ఏడాదికి ఇచ్చిన పరిమాణం 1.5 టన్నులు. చివరిసారి సరుకు పంపి 11 నెలలైంది. అంటే అనుమతికి దాదాపు మూడు రెట్లు వ్యర్థం పుట్టిస్తూ, ఆ సంగతి మాకే తెలియకుండా ఇన్నాళ్లూ నడిపాము.

ఆ రోజు జరిగిన ఇంకొక సంగతి కోసమే నేను ఈ సంస్థకు సగం మార్కులు వేస్తాను. తుప్పు పట్టిన డ్రమ్ము కింది మరకను నోటీసులో లీకేజీ అని మాత్రమే రాశారు. కెమిస్టు మాత్రం వంగి కూర్చుని, తెల్లటి వడపోత కాగితాన్ని ఆ తడికి అద్ది వెలుతురులోకి పట్టుకుని చూశాడు. కాగితం లేత పసుపుగా మారింది. జింకు, ఇనుము హైడ్రాక్సైడ్ స్లడ్జ్ నుంచి కారే నీటికి ఆ రంగు ఉండకూడదనీ, అది రసాయన చర్యతో హాని తక్కువ రూపంలోకి మారని, అంటే క్షయకరణం కాని, హెక్సావాలెంట్ క్రోమియం అనే విషం కావచ్చుననీ అతను చెప్పాడు. కోటింగ్ మెరుపు కోసం చివరలో ముంచే పాసివేషన్ తొట్టెలో మేము వాడేది ఆ క్రోమియమే. కడిగిన నీటిలో దాన్ని సోడియం మెటాబైసల్ఫైట్‌తో క్షయకరించాలి. ఆ చర్య త్వరగా జరగాలంటే యాసిడ్‌తో పీహెచ్‌ను ముందుగా 3 కంటే కిందికి దించాలి. అప్పుడు పసుపు రంగు ఆకుపచ్చగా మారుతుంది, ఆ తరువాత సున్నం వేస్తే క్రోమియం అడుగుకు చేరుతుంది. మా ఈటీపీ (మురికినీటి శుద్ధి ప్లాంటు) ఆపరేటరును అడిగితే, పీహెచ్ మీటరు పాడై ఎనిమిది నెలలైందనీ, రోజూ రెండు గరిటెల మందు మాత్రం తప్పకుండా వేస్తున్నాననీ ఎంతో నిజాయితీగా చెప్పాడు. యాసిడ్ చాలని నీటిలో ఆ రెండు గరిటెలూ చాలావరకు వృథా అయ్యాయి. పసుపు నీరు పసుపుగానే స్లడ్జ్‌లోకి దిగింది. ల్యాబ్ నివేదిక వారం తరువాత వచ్చి ఆ అనుమానాన్నే ఖాయం చేసింది. డ్రమ్ము మార్చి, మరక కడిగి, ఫోటో తీసి పంపితే నోటీసుకు జవాబు అయిపోయి ఉండేది, కానీ కొత్త డ్రమ్ములోకి కూడా అదే విషం చేరేది.

రిజిస్టరు విషయంలోనూ వారి పద్ధతి వేరుగా ఉంది. మా పుస్తకంలో 11 నెలల రాతలూ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉన్నాయి, ప్రతి నెలా స్లడ్జ్ 100 కిలోలు. తనిఖీకి వచ్చినవారికి అది కనిపించకుండా ఎలా ఉంటుంది? ఇంజనీరు రిజిస్టరును పక్కన పెట్టి సున్నం బిల్లులు అడిగాడు. ఆ కాలంలో 25 కిలోల బస్తాలు 120 కొన్నాము, అంటే 3 టన్నులు. సున్నంలో కొంత యాసిడ్‌ను చంపి నీటిలో కరిగి పోతుంది, నిజమే. అయినా అడుగున మిగిలే సున్నపు మడ్డికి, పిక్లింగ్ (తుప్పు పోవడానికి యాసిడ్‌లో ముంచడం) నుంచి వచ్చే ఇనుమూ, జింకూ, ఫిల్టర్ ప్రెస్ పిండలేని తేమా కలిసిన తరువాత 1,100 కిలోల స్లడ్జ్ అనేది పొసగదని అతను కాగితం మీద వేసి చూపించాడు. మండలి వారు కూడా ఇదే బిల్లు అడగవచ్చునని అన్నాడు. పాత రిజిస్టరును ముట్టుకోవద్దనీ, చివరి రాత కింద గీత గీసి, తూచిన రోజు తేదీతో, తూచిన బరువుతో కొత్త రాత మొదలుపెట్టమనీ చెప్పాడు. అంతకు ముందున్నవి అంచనాలేనని జవాబులో ఒప్పుకోమన్నాడు. నాకు భయం వేసింది. పర్యావరణ పరిరక్షణ చట్టంలో 2024 ఏప్రిల్ నుంచి జరిమానా 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు ఉంటుందని అప్పటికే చదివి ఉన్నాను. చేజేతులా ఒప్పుకోవడం ఏమిటని మా బావమరిది కూడా వాదించాడు. చివరకు ఒప్పుకున్నాము.

వారు రాసిన జవాబు రెండున్నర పేజీలు మాత్రమే. ఒక్కొక్క అంశానికి తనిఖీ రోజున ఉన్న స్థితి, దానికి కారణం, ఇప్పటికే చేసిన పని, ఇంకా చేయవలసినది ఏ తేదీకి ఎవరు చేస్తారన్నది విడివిడిగా ఉన్నాయి. చేస్తాము, చూస్తాము అనే మాటలు ఒక్కటీ లేవు. కాటా చీటీలు, పీహెచ్ మీటరు కొన్న బిల్లు, కప్పు వేసిన తరువాతి ఫోటోలు, సంప్‌లోకి వాలు ఇచ్చిన గచ్చు కొలతలు జతచేశారు. అనుమతి పరిమాణాన్ని సవరించమని ఫారం 1 దరఖాస్తును అదే వారంలో పెట్టించి, దాని నకలు కూడా పంపారు. తప్పును పట్టుకున్నవారికి మనమే మరొక తప్పును చూపించినట్లయింది కదా అని నేను అడిగినప్పుడు, వచ్చే తనిఖీలో కాటా మీ షెడ్డులోనే ఉంటుంది కదండీ అని ఇంజనీరు నవ్వాడు.

ఖాళీ కార్బాయ్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. రసాయనం అంటిన ఖాళీ డబ్బా కూడా షెడ్యూల్ 1లో 33.1 కింద ప్రమాదకర వ్యర్థమే. వాటిలో తాగునీళ్లు పట్టుకునే ఇళ్లు మా వాడ వెనకే ఉన్నాయన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు వేస్తుంది. యాసిడ్ సరఫరాదారుతో వెనక్కి తీసుకునే ఒప్పందం చేయించడం ఈ సంస్థ చేసిన మంచి పనుల్లో ఒకటి.

స్లడ్జ్‌ను దుండిగల్‌లోని ఉమ్మడి శుద్ధి, నిక్షేపణ కేంద్రానికి పంపాము. అక్కడ ముందు నమూనా పరీక్షిస్తారు. లోహాలు కరిగి వచ్చే అవకాశం ఉన్న స్లడ్జ్‌ను సిమెంటు, సున్నం వంటివి కలిపి గట్టిపరచిన తరువాతనే భద్రమైన గోతిలో వేస్తారు, అందుకు రేటు కూడా ఎక్కువ. వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా పత్రమైన ఫారం 10 మేనిఫెస్ట్‌లోని ఏడు ప్రతుల రంగుల లెక్కను మా మేనేజరుకు ఓపికగా నేర్పించారు. తెల్లది మండలికి, పసుపుది మన దగ్గర, మిగిలిన ఐదూ లారీతో వెళ్లాలి. సరుకు చేరిందని తిరిగి మనకు రావలసినది నీలం ప్రతి. గత సంవత్సరపు నీలం ప్రతి మా ఫైల్లో లేదు, మేము అడగనూ లేదు. లారీ గేటు దాటితే మన పని అయిపోయిందని అనుకునేవాళ్లం.

ఇక లోపాలు. లేబుళ్ల పని వారికి అప్పగించడం మా పొరపాటు. ఫారం 8 ప్రకారం లేబుల్ మెరిసే పసుపు రంగు మీద ఉండాలి, ముఖ్యమైన హెచ్చరిక ఎర్ర అక్షరాలలో హిందీ, ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి, నీటికి చెరగకూడదు. వారు తెచ్చినవి ల్యామినేషన్ చేసిన కాగితాలు, తెలుగు లేనే లేదు. నిబంధనలు చదివి వినిపించే సంస్థ నుంచి ఇలాంటి పని వస్తుందని అనుకోలేదు. పిక్లింగ్ తొట్టెల ఆవిరికి అవి పది రోజుల్లో ఊడిపోయాయి. చివరకు మేమే వీధి చివర నంబరు ప్లేట్లు చేసే కుర్రాడితో వినైల్ మీద కోయించుకున్నాము, అవి ఇప్పటికీ నిలిచాయి. రవాణా వాహనం వారంలో వస్తుందన్నారు, మూడు వారాలు పట్టింది. ఆలస్యం గురించి మండలికి రాయవలసిన ఉత్తరాన్ని నేను రెండుసార్లు గుర్తు చేస్తే గానీ పంపలేదు. మూడవ నెలలో మా పని చూసే ఇంజనీరు ఉద్యోగం మానేశాడు. అతని స్థానంలో వచ్చిన వ్యక్తికి సున్నం లెక్క నేనే వివరించవలసి వచ్చింది. ల్యాబ్ ఖర్చు 65 వేలలో ఉందనుకున్నాము, అది వేరుగా 14 వేలు అయింది. ముందుగా రాతపూర్వకంగా అడగకపోవడం మా తప్పు కూడా.

హియరింగ్‌లో మమ్మల్ని ఎక్కువ సేపు నిలబెట్టలేదు. క్రోమియం క్షయకరణానికి విడి తొట్టె కట్టాలనీ, మూడు నెలలకు ఒకసారి స్లడ్జ్ పంపాలనీ షరతులు పెట్టి, ఉత్పత్తి ఆపకుండా గడువు ఇచ్చారు. పరిమాణం సవరణ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది. జవాబు మాత్రమే కావలసినవారికి ఈ సంస్థ ఖరీదైనది, నెమ్మదైనది. షెడ్డులో ఏం జరుగుతున్నదో తమకే సరిగా తెలియదని అనుమానం ఉన్నవారు ఆ మొదటి రోజు కాటా కోసమైనా వీరిని పిలవవచ్చు. నేను ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. మూడు నెలలకొకసారి వచ్చి చూసి వెళ్లే ఒప్పందం మళ్లీ రాసుకున్నాము, కెమిస్టు మారకూడదన్న షరతుతో. లేబుళ్లు, వాహనం మాత్రం మా చేతుల్లోనే ఉంచుకున్నాము. మొన్న పంపిన రెండవ లోడుకు నీలం ప్రతి తొమ్మిదో రోజున వచ్చింది, దాన్ని మేనేజరు ఫైల్లో పెట్టే ముందు తీసుకొచ్చి నాకు చూపించాడు.