పీడీ-ఎల్1ను కొలవడానికి ఏ రంగు యాంటీబాడీ మేలు?

క్యాన్సర్ కణం తన పైపొర మీద పీడీ-ఎల్1 అనే ప్రొటీన్‌ను నిలుపుకుంటుంది. అది రోగనిరోధక వ్యవస్థకు చెందిన టీ-కణం మీది పీడీ-1 అనే ప్రొటీన్‌కు తగులుకుంటే ఆ టీ-కణం దాడి సన్నగిల్లుతుంది. పీడీ-1ను 1992లో జపాన్‌లో తసుకు హోంజో బృందం కనుగొంది. 2018లో ఆయనకూ జేమ్స్ అలిసన్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఇక పీడీ-ఎల్1ను ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి వాటి వెలుగును కొలిచే యంత్రంలో) కొలుద్దామని క్యాటలాగు తెరిస్తే, ఆ ప్రొటీన్‌కు అంటుకునే ఒకే యాంటీబాడీ, వెలిగే రకరకాల రంగులు తగిలించి కనిపిస్తుంది. చౌకగా దొరుకుతుందనో, ఫ్రిజ్‌లో ఇప్పటికే ఉందనో చాలామంది ఎఫ్ఐటీసీ అనే రంగుతోనే సరిపెట్టుకుంటారు. పీడీ-ఎల్1 విషయంలో ఆ పొదుపు గిట్టుబాటు కాదు.

చాలా కణితి కణాల మీద ఈ ప్రొటీన్ మామూలుగా తక్కువే. రోగనిరోధక కణాలు విడుదల చేసే ఇంటర్ఫెరాన్-గామా తగిలాక పెరుగుతుంది. ఎఫ్ఐటీసీ 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. కణంలో సహజంగా ఉండే ఫ్లావిన్లనే పదార్థాలూ దాదాపు అక్కడే వెలుగుతాయి. కణితి కణాలు లింఫోసైట్లనే తెల్లరక్తకణాల కన్నా పెద్దవి కాబట్టి వాటి సొంత వెలుగూ ఎక్కువే. అంత వెలుగులో కొద్దిపాటి పీడీ-ఎల్1ను వెతకడం పట్టపగలు మిణుగురును వెతకడం లాంటిది. పైగా ఆమ్లత్వం పెరిగితే ఎఫ్ఐటీసీ మసకబారుతుంది. ఆకుపచ్చ రంగే కావాలనుకుంటే అలెక్సా ఫ్లోర్ 488 అనే రంగు నయం, పీహెచ్ 4 నుంచి 10 వరకు దాని వెలుగు నిలకడగా ఉంటుంది.

నా ఓటు ఫైకోఎరిత్రిన్‌కు, అంటే ప్రయోగశాలల్లో అందరూ పీఈ అని పిలిచేదానికి. ఇది ఎర్ర ఆల్గే నుంచి తీసే ప్రొటీన్. ఇలాంటి ప్రొటీన్లను యాంటీబాడీలకు తగిలించి వాడవచ్చని ఓయ్, గ్లేజర్, స్ట్రయర్ 1982లో చూపించారు. దీని బరువు సుమారు 240 కిలోడాల్టన్లు. అంటే 150 కిలోడాల్టన్ల యాంటీబాడీ కన్నా దాని రంగే బరువన్నమాట! అయితేనేం, నీలి లేజర్ ఒక్కటే ఉన్న పాత యంత్రంలోనూ 578 నానోమీటర్ల దగ్గర బాగా ప్రకాశిస్తుంది. ఒక యాంటీబాడీకి ఒకే పీఈ అణువు తగిలించిన రకం దొరికితే, ఎన్ని పీఈ అణువులున్నాయో ముందే తెలిసిన కొలత పూసల సాయంతో కణానికి ఎన్ని యాంటీబాడీలు అంటుకున్నాయో అంచనా వేయవచ్చు.

ఎర్ర లేజర్ ఉంటే ఏపీసీ (అలోఫైకోసయానిన్) అనే రంగు గట్టి పోటీదారు. అది వెలిగే 660 నానోమీటర్ల ప్రాంతంలో కణాల సొంత వెలుగు చాలా తక్కువ. కణాల్లో ముందే జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ పెట్టి ఉంటే పీఈ కన్నా ఏపీసీయే మేలు, ఎందుకంటే జీఎఫ్‌పీ వెలుగు కొంత యంత్రంలో పీఈని కొలిచే గడిలోకి చొరబడుతుంది. సూక్ష్మదర్శిని కింద మాత్రం పీఈ త్వరగా వెలిసిపోతుంది. అక్కడ అలెక్సా ఫ్లోర్ 647 తీసుకోవాలి.

అదే నమూనాలో సీడీ47ను కూడా చూడాలా? ఇతర కణాలను మింగే మాక్రోఫేజ్‌లకు ‘నన్ను తినవద్దు’ అని చెప్పే ఆ ప్రొటీన్ దాదాపు అన్ని కణాల మీదా పుష్కలం. ఆకుపచ్చ రంగు దానికిచ్చి, పీఈని పీడీ-ఎల్1కు అట్టిపెట్టాలి.

రంగు మీద ఇంత చర్చ చేసినా, క్లోన్ (అదే ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీల్లో ఒక నిర్దిష్ట రకం) ఎంపిక తప్పయితే అంతా వృథా. మానవ కణాలకు 29ఈ.2ఏ3 లేదా ఎంఐహెచ్1, ఎలుక కణాలకు 10ఎఫ్.9జీ2 బాగా వాడుకలో ఉన్నాయి. సీడీ47 క్లోన్ బీ6హెచ్12 అయితే మాక్రోఫేజ్ మీది సర్ప్-ఆల్ఫా అనే ప్రొటీన్‌తో సీడీ47 బంధాన్నే అడ్డుకుంటుంది. దానితో రంగు వేసిన సజీవ కణాలను మాక్రోఫేజ్‌లకు అప్పగిస్తే ఫలితాన్ని ఆ యాంటీబాడీయే మార్చేస్తుంది. పీడీ-ఎల్1కు అంటుకునే అటెజోలిజుమాబ్ అనే మందు తీసుకున్న రోగి నమూనాలో పీడీ-ఎల్1 తక్కువగా కనిపించినా వెంటనే నమ్మకూడదు. మందు ముందే అంటుకుని మన యాంటీబాడీకి చోటు లేకుండా చేసి ఉండవచ్చు.

పోల్చి చూసుకోవడానికి పీడీ-ఎల్1 దండిగా ఉండే ఎండీఏ-ఎంబీ-231నూ, తక్కువగా ఉండే ఎంసీఎఫ్-7నూ (రెండూ ప్రయోగశాలలో పెంచే రొమ్ము క్యాన్సర్ కణాలు) పక్కపక్కన నడపాలి. చనిపోయిన కణాలు ఏ యాంటీబాడీనైనా పట్టేసుకుంటాయి, కాబట్టి వాటిని వేరుచేసే రంగు తప్పనిసరి. ఇక పీఈ సీసాను కొన్నాక చీకట్లో, 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఎక్కువ కాలం నిలుస్తుందని డీప్ ఫ్రీజర్‌లో పెడితే గడ్డకట్టి పాడైపోతుంది.