గ్రౌండ్ బయట అమ్మే ‘కీళ్ల కిట్’ కొనకండి (నల్గొండ)

పోలీస్ ఈవెంట్స్‌కు (ఉద్యోగం కోసం పెట్టే పరుగు లాంటి పరీక్షలకు) ప్రాక్టీస్ చేస్తున్న తమ్ముళ్ల కోసం రాస్తున్నా. నాకు 3,200 రూపాయలు పోయాయి. డబ్బు సంగతి పక్కనపెడితే, నెల రోజుల రన్నింగ్ కూడా పోయింది.

ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే 1600 మీటర్లు కొడుతుంటే గుంతలో అడుగు పడి చీలమండ బెణికింది. కుంటుకుంటూ బయటికి వచ్చేసరికి రోడ్డు పక్కన టేబుల్ వేసుకున్న ఒకాయన పిలిచి కూర్చోబెట్టాడు. ఫిజియోనని చెప్పుకున్నాడు. నూనె సీసా, కరెంటుతో వేడెక్కే బెల్టు, ఫ్రీ సైజు యాంకిల్ సపోర్ట్, ఒక రబ్బరు బ్యాండు చేతిలో పెట్టాడు. “ఇయ్యాల్టి నుంచే వేడి పెట్టు, నూనెతో గట్టిగ రుద్దు, మడమ తిప్పు తమ్మీ. మూడు రోజుల్ల ఉరుకుతవ్” అన్నాడు. ఈవెంట్స్ టెన్షన్‌లో ఉన్నోడికి ఇంకేం కావాలి? ఫోన్‌పే కొట్టేశా.

రాత్రికి కాలు సొరకాయంత అయింది, చెప్పు పట్టలేదు. మర్నాడు ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. బెణుకంటే లోపల లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, సాగడమో చిరగడమో అట. మొదటి రెండు మూడు రోజులు వేడి, మాలిష్ పెడితే వాపు ఇంకా పెరుగుతుందని డాక్టర్ గట్టిగానే కోప్పడ్డారు. అప్పుడు చేయాల్సింది గుడ్డలో చుట్టిన ఐసు ఓ పావుగంట, క్రేప్ బ్యాండేజీ, దిండ్ల మీద కాలు ఎత్తి పెట్టడం. నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండ ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా ఎక్స్‌రే తప్పదట.

కీలు కదిలించాల్సిందే, కానీ నొప్పి తగ్గుతున్న కొద్దీ. నాతో బొటనవేలితో గాల్లో అ ఆలు దిద్దించారు, తర్వాత గోడకు మోకాలు ఆనించే వ్యాయామం, ఆపైన ఒంటికాలి మీద నిలబడటం. ఈ చివరిది మానేస్తే అదే కాలు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువట. వీటిలో దేనికీ కిట్టు అక్కర్లేదు.

సీసా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఏవీ లేవు. వాపస్ ఇస్తానంటే “వాడినంక తీసుకోం” అన్నాడు. బిల్లు అడగలేదు, నాదీ తప్పే. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ పెట్టుకుని 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు చేశా, ఇంకా ఏం తేలలేదు. మీలో ఎవరైనా కొనుంటే మీరూ చేయండి.

నిన్న పొద్దున కొత్త పిల్లలకు అదే సీసా చూపిస్తున్నాడు. ఇప్పుడు ధర 2,500.