ఇంట్లో ఏడడుగుల బార్: నాలుగేళ్లు వాడాక నా మాట

ఇంట్లో బరువులెత్తాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది "ఏ కంపెనీ బార్ కొన్నారు?" అని. "మీ గది వెడల్పెంత?" అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. చివర్లలో బరువు ప్లేట్లు ఎక్కించే పొడవాటి కడ్డీ, అంటే ఒలింపిక్ బార్, పొడవు 220 సెంటీమీటర్లు. పదడుగుల గదిలో అడ్డంగా పెడితే అటూ ఇటూ నలభై సెంటీమీటర్లు, ఆ పైన కాస్త మిగులుతుంది. పక్కన నిలబడి ప్లేటు ఎక్కించడానికి అది ఇరుకే. అదే గదిలో మంచం, బీరువా కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఫ్యాన్ సంగతి కూడా చూసుకోవాలి. బార్‌ని తలపైకి ఎత్తినప్పుడు పెద్ద ప్లేట్ల అంచు బార్ కంటే మరో 22 సెంటీమీటర్లు పైకి ఉంటుంది. మా ఆయన పొడగరి కావడంతో ఆయన ప్రెస్ చేసేటప్పుడు ఫ్యాన్ ఆపడం మా ఇంట్లో నియమం.

మాది విశాఖలో సొంతిల్లు. కింద కారు కోసం కట్టిన షెడ్డులో బార్ పెట్టాం. బార్ నీడలో ఉంది, కారు ఎండలో ఉంది. ఈ ఏర్పాటు మీద మా ఆయనకి ఇంకా కొంచెం అసంతృప్తి ఉంది కానీ, వాడకంలో మాత్రం నాకంటే ఆయనే ముందుంటారు.

బార్ రాకముందు మా ఇంట్లో తమ్ముడు వదిలేసి వెళ్లిన ఐదడుగుల రాడ్ ఉండేది. చాలా ఊళ్లలో స్పోర్ట్స్ షాపులో "హోమ్ జిమ్ సెట్" అంటే ఇచ్చేది అదే: సన్నటి క్రోమ్ రాడ్, రెండు చివర్లా మరలు, బిగించడానికి నట్లు, లోపల సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు. అది ఇప్పటికీ మా దగ్గరే ఉంది కాబట్టి రెండింటికీ తేడా ఏంటో వాడి చెప్పగలను. సిమెంటు ప్లేట్లు లావుగా ఉంటాయి. పెద్దగా బరువు ఎక్కకముందే రాడ్ మీద చోటు అయిపోతుంది. బరువు కాస్త పెంచగానే రాడ్ మధ్యలో వంగుతుంది, దించినా పూర్తిగా తిన్నగా రాదు. చివర్లు తిరగవు కాబట్టి బార్‌ని విసురుగా భుజాల మీదికి తెచ్చేటప్పుడు ఆ మెలికంతా మణికట్టు మీద పడుతుంది. ఒలింపిక్ బార్‌లో ప్లేట్లు ఎక్కే లావుపాటి గొట్టం, అంటే స్లీవ్, విడిగా తిరుగుతుంది. బార్‌ని భుజాల మీద మోస్తూ కూర్చుని లేచే స్క్వాట్‌లో ఆ తేడా తెలియదు, నేల మీంచి విసురుగా భుజాల దాకా తెచ్చే క్లీన్ చేస్తే వెంటనే తెలుస్తుంది.

అలాగని పాత రాడ్ పారేయలేదు. ఒలింపిక్ బార్ ఖాళీగానే 20 కిలోలు. మొదట్లో నేను తలపైకి ఎత్తగలిగింది అంతకంటే తక్కువ. చాలాకాలం నా ఓవర్‌హెడ్ ప్రెస్ ఆ సన్న రాడ్‌తోనే నడిచింది. ఆడవాళ్ల పోటీల్లో వాడే 15 కిలోల బార్ వేరే ఉంది. అది కాస్త పొట్టి, పట్టుకునే చోట 25 మిల్లీమీటర్ల లావు. మగవాళ్లదైతే 28. చెయ్యి చిన్నదైతే ఆ మూడు మిల్లీమీటర్లు డెడ్‌లిఫ్ట్‌లో, అంటే బార్‌ని నేల మీంచి ఎత్తి నిటారుగా నిలబడేటప్పుడు, తేలిగ్గా తెలిసిపోతాయి. నడుం ఇంకా ఎత్తగలను అంటుంటే వేళ్లు వదిలేస్తాయి. ఇద్దరం వాడాలి కాబట్టి మేం 20 కిలోలదే తీసుకున్నాం. ఒక్క ఆడమనిషే వాడేటట్టయితే 15 కిలోలది వెతకమంటాను, దుకాణాల్లో దొరకడం కష్టమే అయినా.

డంబెల్స్ చాలవా అని చాలామంది అడుగుతారు. మొదటి ఏడాదికి చాలు. నిజానికి అప్పటిదాకా బార్ కొనకపోయినా ఏమీ కొంపలు మునగవు. నేను బార్‌కి మారింది ఎక్కువ బరువు కోసం కాదు, కొంచెం కొంచెంగా పెంచుకోవడం కోసం. మామూలుగా దొరికే డంబెల్స్ ఒక సైజు నుంచి ఇంకో సైజుకి రెండున్నర కిలోలు పెరుగుతాయి, రెండు చేతులకీ కలిపి ఐదు. భుజాలకి అది పెద్ద గెంతు, వారాల తరబడి ఒకేచోట ఆగిపోతాం. బార్‌కి అటొకటి ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు తగిలిస్తే పెరిగేది మొత్తం రెండున్నర. అరకిలో ప్లేట్లు దొరికితే కిలో చొప్పునే పెంచుకోవచ్చు. మా ఇంట్లో బాగా అరిగింది ఈ బుల్లి ప్లేట్లే. ఇప్పుడు నా డెడ్‌లిఫ్ట్ 80 కిలోలు, అక్కడిదాకా తెచ్చింది ఇవే. సెట్‌లో ఇవి ఇవ్వకపోతే అడిగి మరీ తీసుకోండి.

ప్లేట్లు కిలో లెక్కన అమ్ముతారు. అచ్చులో 10 అని ఉన్నంత మాత్రాన అది పది కిలోలు అనుకోకండి. మేం మావి పాత ఇనుము కొనే కొట్టులో కాటా మీద పెట్టి చూశాం. కొన్ని తక్కువ తూగాయి, ఒకటి రెండు ఎక్కువే తూగాయి. అసలు బరువు పెయింటుతో వెనకవైపు రాసి, దగ్గర దగ్గర ఉన్నవాటిని జతలుగా కలిపాం. ఒకవైపు బరువు ఎక్కువైతే నడుం దానికి తగ్గట్టు ఒరగడం మొదలుపెడుతుంది. ఇంకో విషయం, పోటీ ప్లేటు వ్యాసం 450 మిల్లీమీటర్లు. దాంతో నేల మీదున్న బార్ 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. చిన్న ఇనుప ప్లేట్లతో డెడ్‌లిఫ్ట్ చేస్తే బార్ బాగా కిందికి పోతుంది, వీపు గుండ్రంగా వంగుతుంది. కింద చెక్క దిమ్మలు పెట్టుకుంటే సరిపోతుంది, మేం అదే చేస్తున్నాం.

విశాఖలో ఉండి తుప్పు గురించి చెప్పకపోతే ఎలా? సముద్రపు గాలికి కిటికీ ఊచలే ఆగవు, బార్ ఎంత. మాది క్రోమ్ పూత. మధ్య కడ్డీ మీద పూత బాగానే నిలిచింది. స్లీవ్ మీద ప్లేట్లు రాసుకునే చోట మాత్రం పెచ్చులు లేచింది. అసలు గొడవంతా పట్టు కోసం గరుగ్గా గీసిన చోట, అంటే నర్లింగ్‌లో. చెమట, పట్టు జారకుండా చేతులకి రాసుకునే చాక్ పొడి కలిసి ఆ గీతల్లో ఇరుక్కుని, మొదటి వానాకాలంలోనే ఎర్రటి చుక్కలు తేలాయి. నైలాన్ బ్రష్‌తో గీతల వెంట రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె నాలుగు చుక్కలు వేసి, మళ్లీ ఆరిన గుడ్డతో తుడిచేయాలి. నెలకోసారి చాలు, వానల్లో వారానికోసారి. కొబ్బరినూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న మా వదినగారి బార్‌కి ఇంత సేవ అక్కర్లేదు. మా బార్ కంటే పాతది, ఇంకా మెరుస్తోంది, కాస్త అసూయగానే ఉంటుంది.

నర్లింగ్ మరీ నున్నగా ఉన్న బార్ మన ఎండాకాలంలో ఎందుకూ పనికిరాదు. అలాగని అరచేతులు చీరేసేంత గరుకూ వద్దు. మా బార్‌కి నడిమధ్యన కూడా గరుకు ఉంది. స్క్వాట్‌లో చొక్కా మీద జారకుండా ఆపుతుంది కానీ, ముందువైపు పెట్టుకునే ఫ్రంట్ స్క్వాట్‌లో మెడ దగ్గర గీరుకుపోతుంది. కాలర్ ఉన్న చొక్కా వేసుకుంటాను.

ఇప్పుడు ఖర్చు. బార్‌కి పదిహేను వేల లోపే అయింది. ప్లేట్లు, స్టాండ్, బెంచ్, కింద రబ్బరు మ్యాట్లు కలిపితే దానికి రెండింతలు పైనే తేలింది. బార్ ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. డబ్బు తక్కువైతే ప్లేట్లు తగ్గించండి, అవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. స్టాండ్ దగ్గర మాత్రం పీనాసితనం చూపించొద్దు. బరువు ఎత్తలేక ఆగిపోతే బార్‌ని పట్టుకునేలా రెండు వైపులా అడ్డ కడ్డీలు ఉండాలి. ఇంట్లో ఒంటరిగా బెంచ్ ప్రెస్, అంటే బెంచ్ మీద పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి తోయడం, చేసేవాళ్లకి ప్రాణరక్షణ అదే. ఆ కడ్డీలు లేకపోతే ఒంటరిగా బెంచ్ చేయకపోవడమే మంచిది. తప్పదనుకుంటే ప్లేట్లు జారకుండా బిగించే క్లిప్పులు పెట్టకండి, ఇరుక్కుంటే బార్‌ని ఒకవైపు వంచి ప్లేట్లు జార్చేయొచ్చు.

అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండేవాళ్లకి స్లాబు కూలుతుందేమోనని భయం. ఇళ్ల గదుల స్లాబు చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు మోసేలా డిజైన్ చేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. నెమ్మదిగా దించితే నాలా 80 కిలోలు ఎత్తినా సమస్య కాదు. టపీమని వదిలేస్తే సమస్య. టైల్ పగులుతుంది, కింది ఫ్లాట్ ఆవిడ పైకొస్తుంది. అద్దె ఇంట్లో, పై అంతస్తులో, ఏడాదికోసారి ఇల్లు మారేవాళ్లకి నేను బార్ కొనమని చెప్పను. బరువు మార్చుకోగలిగే మంచి అడ్జస్టబుల్ డంబెల్స్ జత, ఒక బెంచ్ చాలు వాళ్లకి.

మా అత్తయ్యగారు మొదట్లో బార్‌ని చూసి "ఆడపిల్లకి ఈ ఇనుప సామానేంటమ్మా" అన్నారు. ఆవిడది ఆమదాలవలస వైపు. "మల్లీశ్వరి ఎవరత్తయ్యా, మీ పక్క ఊరమ్మాయేగా" అన్నాను. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒక్క ఊపులో తలపైకి) 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన సంగతి నాకంటే ఆవిడకే బాగా గుర్తుంది. ఆ పై మాట రాలేదు. ఇప్పుడు వానొస్తే బార్ మీద పట్టా కప్పేది ఆవిడే.

కొనడానికే నిశ్చయించుకుంటే దుకాణానికి వెళ్లి చూసి కొనండి. బార్‌ని స్టాండ్ మీద పెట్టి తిప్పమనండి, చివరలు పైకీ కిందకీ ఊగుతుంటే అది వంకర బార్. స్లీవ్‌ని చేత్తో తిప్పి చూడండి, గరగర శబ్దం వస్తే వద్దు. స్లీవ్ 50 మిల్లీమీటర్లా, ప్లేటు రంధ్రం దానికి సరిపోతుందా అని ఒకటికి రెండుసార్లు అడగండి. సన్న రాడ్ ప్లేట్లు దీనికి ఎక్కవు. దీని ప్లేట్లు సన్న రాడ్ మీద డబడబలాడతాయి. మాకు సెట్‌తో వచ్చిన స్ప్రింగు క్లిప్పులు ఏడాదికే వదులైపోయాయి, లీవరు నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పులు విడిగా కొన్నాం. బార్ బిల్లులోనే వాటినీ వేయించండి, విడిగా తెప్పించుకుంటే రవాణా ఖర్చే వాటి ధరంత అవుతుంది.