డార్జిలింగ్ ఆవిరి రైలు: నాలుగు చక్రాల బి తరగతి ఇంజనుపై ఒక సమీక్ష

డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి సుమారు రెండు గంటల్లో తిరిగి వచ్చే విహార రైలుకు డీజిలు ఇంజను కట్టినప్పుడు ఒక ధర, ఆవిరి ఇంజను కట్టినప్పుడు అంతకంటే ఎక్కువ ధర ఉంటుంది. దారి అదే, కొండలు అవే అయినప్పుడు అదనంగా ఎందుకు చెల్లించాలని అడిగేవారికి నేను ఆ ఇంజనునే చూపిస్తాను. బయలుదేరడానికి అరగంట ముందే స్టేషనుకు చేరుకొని, దాని చుట్టూ నెమ్మదిగా ఒకసారి తిరిగి చూస్తే, దీన్ని అందరూ బొమ్మ రైలు అని పిలవడం ఎంత పొరపాటో అర్థమవుతుంది.

బి తరగతి అని పిలిచే ఈ ఇంజనుకు 1889లో షార్ప్ స్టీవర్ట్ కంపెనీ రూపం ఇచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆ కంపెనీ మాంచెస్టర్ విడిచి గ్లాస్గోకు మారింది. అప్పటికి ఎనిమిదేళ్ల క్రితమే, అంటే 1881లోనే, డార్జిలింగ్ దాకా రైలు దారి పూర్తయింది కనుక, ఇంజనుకు అనువుగా దారి వేసే అవకాశం లేదు. ఉన్న దారికి తగినట్టుగా ఇంజనునే మలచవలసి వచ్చింది. ఆ దారి చాలా చోట్ల బండ్ల రోడ్డును అంటిపెట్టుకొని సాగుతుంది, అందువల్ల ఎద్దుబండి తిరిగిన మలుపులన్నీ రైలూ తిరగాలి. పట్టాల మధ్య దూరం 610 మిల్లీమీటర్లే. మైదానంలో సుమారు 100 మీటర్ల ఎత్తున మొదలైన పట్టాలు ఘూమ్ దగ్గర 2258 మీటర్లకు చేరతాయి. ఊటీ రైలుకు ఉన్నట్టు మధ్యలో పళ్ల పట్టా ఏదీ ఇక్కడ లేదు, నున్నటి పట్టా మీద నున్నటి చక్రం తన బరువుతోనే పట్టు సాధించి పైకి ఎక్కాలి.

ఈ షరతులన్నిటికీ ఇంజను రూపమే జవాబు చెబుతుంది. చక్రాలు నాలుగే, ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఐదున్నర అడుగులే, కాబట్టి ఎంత ఇరుకు మలుపులోనైనా అది పట్టాలతో పెనుగులాడకుండా తిరిగిపోతుంది. నాలుగు చక్రాలూ ఆవిరి శక్తితో తిరిగేవే కనుక, సుమారు 15 టన్నుల బరువులో ఒక్క కిలో కూడా వృథాగా మోసే చక్రం మీద పడదు. నీళ్ల ట్యాంకును గుర్రం మీద జీను వేసినట్టు బాయిలరు మీద కూర్చోబెట్టారు, కొంత నీటిని కింద చట్రం మధ్యలో దాచారు, బొగ్గు కోసం వెనుక వేరే బండి కట్టకుండా దాన్ని కూడా ఇంజను మీదే సర్దారు. ఆ విధంగా నీళ్లూ బొగ్గూ కూడా చక్రాల పట్టుకు సాయం చేస్తాయి. చక్రాల వ్యాసం 26 అంగుళాలు, అంటే ఒక చుట్టుకు ఇంజను ముందుకు జరిగేది దాదాపు రెండు మీటర్లు మాత్రమే, కానీ ఆ రెండు మీటర్లలో పొగగొట్టం నాలుగు సార్లు ఊపిరి వదులుతుంది. ఘూమ్ వైపు ఎక్కేటప్పుడు మనకు వినిపించే ఆ దగ్గర దగ్గర చప్పుడుకు కారణం అదే, ఆ చప్పుడు కోసమే నేను ఈ టికెట్టు మళ్లీ కొంటాను.

లోపాలను కూడా చెప్పాలి. చక్రాలు దగ్గరగా ఉండి, శరీరం ముందుకూ వెనక్కూ పొడుచుకొని ఉండటం వల్ల ఇంజను నడకలో ఊగుతుంది. లాగగలిగే పెట్టెలు కొన్నే. నీళ్లు త్వరగా అయిపోతాయి, దారిలో ఆగి నింపుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది మనుషుల శ్రమ: డ్రైవరు, ఫైర్‌మన్ సరిపోరు, ఇంజను మీదే కూర్చొని బొగ్గు పగలగొట్టే మనిషి ఒకరు, ముందు దూలం మీద కూర్చొని చక్రాలు జారకుండా పట్టాల మీద చేత్తో ఇసుక చల్లేవారు ఇద్దరు కావాలి. తడిసిన పట్టాల మీద ఆ గుప్పెడు ఇసుక పడిన క్షణంలో చక్రం మళ్లీ పట్టు అందుకోవడం చూస్తే, ఈ యంత్రం సగం ఇనుముతో, సగం మనుషుల చేతులతో తయారైందని అనిపిస్తుంది.

ఇంతకంటే పెద్ద ఇంజన్లు తెచ్చే ప్రయత్నం జరగకపోలేదు. రెండు ఇంజన్లను ఒకే బాయిలరుకు జోడించిన గారట్ ఇంజను ఒకటి 1911లో బేయర్ పీకాక్ కంపెనీ నుంచి వచ్చింది. పొడవైన సి తరగతి ఇంజన్లు రెండు 1914లో వచ్చాయి. అవి ఆ మూడింటితోనే ఆగిపోయాయి. బి తరగతి మాత్రం 1889 నుంచి 1925 వరకు మొత్తం 34 తయారయ్యాయి. వాటిలో కొన్ని అమెరికాలోని బాల్డ్‌విన్ కంపెనీ చేసినవి, మరికొన్ని ఈ రైల్వేకే చెందిన తిన్‌ధారియా వర్క్‌షాపులో తయారైనవి. సముద్రం అవతల గీసిన నమూనాను కొండ మీది పనివాళ్లే మళ్లీ పోతపోసి, బిగించి, నడిపించగలిగారంటే, ఆ నమూనా ఎంత సరళమైనదో వేరే రుజువు అక్కరలేదు.

ప్రయాణానికి సంబంధించి కొన్ని మాటలు. ఇంజనుకు దగ్గరి పెట్టెలో చోటు అడగండి, మసి పడుతుంది కనుక తెల్ల బట్టలు వద్దు. పట్టాలు గుండ్రంగా చుట్టు తిరిగే, 1919లో కట్టిన బతాసియా వలయంలో దిగి చూసే వ్యవధి ఉంటుంది, ఘూమ్‌లో మ్యూజియం ఉంది. ఇంజను పనితనం తెలిసేది వెళ్లేటప్పుడే, తిరుగుదారి దాదాపుగా దిగుడు. అయితే అన్నిటికంటే ఇరుకైన మలుపులూ, రైలు వెనక్కీ ముందుకీ నడుస్తూ ఎత్తు ఎక్కే జడ్ ఆకారపు దారులూ ఈ రెండు గంటల సవారీలో రావు. అవి కింద, తిన్‌ధారియా పరిసరాల్లో ఉన్నాయి. ఆవిరి ఇంజను ఆ భాగంలో నడిచే రోజు దొరికితే, దీని కంటే ముందు అక్కడికి టికెట్టు తీసుకోండి.